నగారా కొలువులో మైనాలు

మందారగిరి రాజ్యానికి కోటగోడ లేదు. కొండలే గోడలు. ఉత్తరాన మంచు కరిగే కనుమ మొదలు దక్షిణాన విజయధార నగరం దాకా బారులు తీరిన ప్రతి కొండ నెత్తినా ఒక రాతి బురుజు, బురుజు మీద ఏనుగు కుంభస్థలమంత నగారా, నగారా పక్కన చింతకర్ర గుదియలు పట్టుకున్న కొలువువాడు. పొద్దు పొడవగానే ఉత్తరపు కొసన ఉన్న ఘోషగిరి మీద మొదటి దెబ్బ పడుతుంది. 'అంతా క్షేమం' అని దాని అర్థం. పక్క కొండవాడు చెవిన పడగానే "విన్నాను" అని గట్టిగా అని, గుదియ ఎత్తి అదే దెబ్బ కొడతాడు. వాడిది విని ఆ పక్కవాడు. మంచు ఆరేలోగా ఆ కబురు కొండ నుంచి కొండకు దూకుతూ రాజధాని చేరుతుంది. అప్పుడు మహారాజు రత్నకేతు పాన్పు దిగుతాడు.

ఆ కొలువుకు అధ్యక్షుడు శంబరదత్తుడు. ఆయన వచ్చాక నగారా కొలువు నుంచి మహారాజుకు ఒక్క విన్నపం పోలేదు. బురుజు కురుస్తోందని గానీ, జబ్బు చేసిందని గానీ, అన్యాయం జరిగిందని గానీ ఎవరూ అనలేదు. 'నోరెత్తని కొలువు' అని నిండు సభలో మెచ్చుకుని మహారాజు ఆయన చేతికి రత్నకంకణం తొడిగాడు. నోరు ఎందుకు ఎత్తడం లేదో అడగాలని మాత్రం ఆ సభలో ఎవరికీ తోచలేదు.

అది అడగడానికే కామసాని ఘోషగిరి మెట్లు ఎక్కుతోంది.

తలకు పాగా, నడుముకు దట్టి, పెదవి మీద మేక వెంట్రుకల మీసం. పేరు కూడా మార్చుకుంది. ఇప్పుడామె కొమ్మన. మీసానికి వాడిన వేపబంక ఎండకు మెత్తబడి ఒక కొస జారుతుంటే, పౌరుషంగా మీసం దువ్వుతున్నట్టు నటిస్తూ అదిమి పెడుతోంది.

ఆమె అన్న బొల్లన ఈ బురుజులోనే కొలువు చేసేవాడు. చిన్నప్పుడు చెల్లెలికి చేట బోర్లించి నగారా దెబ్బలన్నీ నేర్పినవాడు. కిందటి వానాకాలంలో ఇల్లు చేరాడు. చేరినవాడికి గొంతు లేదు. పిలిస్తే తల తిప్పి చూస్తాడు, అంతే. తల్లి ముద్ద కలిపి నోటికి అందించి, ఇక చాలు అంటాడేమోనని చెయ్యి అలాగే పట్టుకుని కూర్చునేది. కొన్నాళ్ళకు అతని నీడ పలచబడింది. ఎండలో నిలబెడితే నేల మీద బూడిద చల్లినంత మరక.

వాగు ఒడ్డున ఉండే యోగిని అతన్ని చూసి కామసానికి ఒక్కటే చెప్పింది. "వీడి గొంతు ఎవడో దాచుకున్నాడు తల్లీ. గొంతు పోయినవాడికి నీడ పోతుంది. నీడ పోయాక మనిషి పోతాడు. ఆ మరక చెరిగిపోకముందే పోయి తెచ్చుకో."

కామసాని తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టి బయలుదేరింది.

ఘోషగిరి సభామండపం చూసినవాడికి కన్ను తిప్పుకోబుద్ధి కాదు. నల్లరాతి స్తంభాలకు చుట్టుకున్న రాతి తీగలు, తీగలకు పగడాల పువ్వులు, పైకప్పు నిండా అభ్రకం పొదిగిన చుక్కలు. నట్టనడుమ దంతపు పీఠం. పీఠం వెనక నేల నుంచి కప్పు దాకా బంగారు పంజరం. దానికి తలుపు లేదు, గొళ్ళెం లేదు, చువ్వల మధ్య వేలు దూరే సందు లేదు. లోపల లెక్కకందనన్ని మైనాలు. అవి పాడటం లేదు. ఒకదాని తర్వాత ఒకటి మెడ వంచి మనిషి గొంతుతో ఒకే మాట అంటున్నాయి.

"చిత్తం. చిత్తం. చిత్తం."

పీఠం మీద శంబరదత్తుడు తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. కోరలు లేవు, కొమ్ములు లేవు. నుదుట గంధం, పెదవి మీద చిరునవ్వు, చల్లని గొంతు. అరవడం ఆయనకు అలవాటు లేదు. కొలువువాళ్ళంతా గోడ వారగా నిలబడి తమ కాలి బొటనవేళ్ళు చూసుకుంటున్నారు. ఆయన ఎదుట ఒక పడుచువాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మాదనా, మొహం అలా వేలాడేశావు?"

"దొరా, మా ఇంటిదానికి నెలలు నిండినాయి. నొప్పులు మొదలైనాయని మంత్రసాని కబురంపింది. ఒక్కసారి చూసొస్తాను. నా వంతు గుండయ్య మామ కొడతానన్నాడు."

"నువ్వు పోతే కాన్పు నువ్వు చేస్తావా?"

గోడ వారగా ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళ వంక దొర చూస్తాడని వాళ్ళకు తెలుసు.

"లేదు దొరా."

"మరి అక్కడ నీతో పనేముంది? ఇక్కడ మాత్రం నీతో ఏం పని జరుగుతోంది గనక. మొన్న దెబ్బ ఆలస్యం చేసింది నువ్వే కదూ."

"తమరు ఆగమంటే ఆగినాను."

"నేను ఆగమంటే ఆగిపోతావా? నీకంటూ బుద్ధి లేదా? ఆగకుండా కొట్టి ఉంటే నా మాట వినలేదనేవాణ్ణి, అది వేరే సంగతి." శంబరదత్తుడు ఆకు మడిచి బుగ్గన పెట్టుకున్నాడు. "నిన్నింకా ఇక్కడ ఉంచడం నా దయ. నువ్వు కట్టుకున్నదానికీ పనికిరావు, కొలువుకూ పనికిరావు. ఔనా, కాదా?"

మాదన చుట్టూ చూశాడు. ఒక్కడూ తల ఎత్తలేదు. 

"చిత్తం దొరా."

ఆ మాట పూర్తవుతూనే అతని గొంతు ఉబ్బింది. నోరు దానంతటదే తెరుచుకుంది. తడి రెక్కలతో ఒక మైనా పెదవుల మధ్య నుంచి పెనుగులాడుతూ బయటికొచ్చి, గాలిలో ఒక్క చుట్టు తిరిగి, బంగారు చువ్వల్లోంచి నీళ్ళలోకి రాయి దిగినట్టు దిగిపోయింది. పంజరంలోని కొమ్మ మీద వాలి, మెడ వంచి, "చిత్తం" అంది. మాదన పెదవులు కదిపాడు. శబ్దం రాలేదు.

కామసాని పంజరం వైపు తిరిగింది. అంతలోనే పంజరం మూల నుంచి మరో 'చిత్తం' వినబడింది. ఆ గొంతులో ఒక బొంగురు ఉంది. కొండగాలిలో కేకలు వేసి వేసి వచ్చిన బొంగురు. చేట మీద దెబ్బ తప్పినప్పుడల్లా 'కాదే పిల్లా, మళ్ళీ కొట్టు' అన్న బొంగురు.

"ఎవరు నువ్వు?"

శంబరదత్తుడి చూపు ఆమె మీదికి తిరిగింది. కామసాని ముందుకు జరిగింది.

"కొమ్మన దొరా. ఖాళీ పడిన చోటికి వచ్చాను."

"మీసం ఘనంగానే ఉంది. మొలిచిందా, అతికించుకున్నదా?"

"ఉన్నంత మేరకు నాదే దొరా."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. శంబరదత్తుడు చిరునవ్వు చెరగనీయలేదు.

"నా కొలువులో చేరేవాడు మొదట ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు నా కాలికింద ధూళివి. నేను అనుమతిస్తేనే మనిషివి. ఔనా?"

ఒక చిన్న మాట. మండపం ఆ మాట కోసం ఊపిరి బిగబట్టింది. పంజరంలో మైనాలు మెడలు చాచాయి.

"విన్నాను," అంది కామసాని.

 మైనాలు చాచిన మెడలు వెనక్కి తీసుకున్నాయి.

"విన్నాను కాదు. చిత్తం అనాలి."

"నగారా కొలువులో ఎవరు ఏం కొట్టినా విన్నానన్నదే జవాబని మావాళ్ళు నేర్పారు. తమరన్నది విన్నాను. ఔనో కాదో నన్ను అడిగారు గనక చెబుతున్నాను, కాదు."

శంబరదత్తుడి నుదుటి గంధం మీద సన్నని పగులు కనిపించింది. ఆయన మెల్లగా లేచి, గూటిలోంచి ఒక మోకు తీసి, పెదవులు కదుపుతూ దాన్ని వేళ్ళతో నిమిరాడు.

"మహాఘోష తోలు వదులైంది. ఈ పూటే బిగించి రా. ఒక్కడివే."

గోడ వారగా ఉన్న వాళ్ళలో ఒక ముసలాయన గుటక మింగాడు. ఆ పని ఇద్దరు లేకుండా చేయరాదని కొలువులో చేరిన రోజే చెబుతారు. ఒకడు దిగాలి, ఒకడు మోకు పట్టాలి.

మహాఘోష అన్నది ఘోషగిరి నగారా. బురుజు అంచున లోయలోకి చాచిన రాతి కొమ్ము మీద దాన్ని నిలిపారు. ముందువైపు మనుషులకు, అడుగువైపు మేఘాలకు. తోలు వారులు అడుగున ముడిపడతాయి. కింద, చూపు ఆనని లోతులో, భైరవీ నది తెల్లని దారంలా మెరుస్తుంది. ఆ లోయలో గద్దలు కూడా సగం దాకానే దిగుతాయంటారు.

కామసాని మోకు ఒక కొస రాతి స్తంభానికి, మరో కొస తన నడుముకు కట్టుకుని, వారులు లాగే ఇనుప కొక్కెం పళ్ళ మధ్య కరచుకుని దిగింది. గాలి ఆమెను ఊయలలా ఊపింది. మొదటి వారు బిగించింది. కొక్కెం మళ్ళీ పళ్ళ మధ్య కరచుకుని రెండోదానికి చెయ్యి చాచింది. నడుము చుట్టూ మోకు తనంతట తానే బిగిసింది.

కిందికి చూసింది. జనపనార పేట్లు పొలుసులవుతున్నాయి. ముడి దగ్గర పడగ విప్పుకుంటోంది.

అరిస్తే కొక్కెం లోయలో పడుతుంది. ఆమె అరవలేదు. కొక్కేన్ని పట్టి పైనున్న తోలు వారులోకి గుచ్చి, రెండు చేతులతో దానికి వేలాడింది. పాము చుట్ట బిగిస్తూ పైకి పాకింది. నాలుక ఆమె చెంప దాకా వచ్చింది. పాముకు చెవులుండవు, ఒంటితో వింటుందని బొల్లన చెప్పిన మాట ఒక్కసారి మెరిసింది. కామసాని కాళ్ళు మడిచి, ఉన్న బలమంతా మడమల్లోకి తెచ్చుకుని, నగారా కడుపు మీద తన్నింది.

మహాఘోష మూలిగింది. ఆ మోత రాతిలోకి, తోలులోకి, ఆమె ఎముకల్లోకి, పాము వెన్నులోకి పాకింది. మళ్ళీ తన్నింది. చుట్టలు సడలాయి. మరో తన్నుకు పాము తాడులా వేలాడి, జారి, గిరికీలు కొడుతూ మబ్బుల్లోకి పడిపోయింది. దానితో పాటు ఆమె నడుముకున్న ఆధారమూ పోయింది. కొక్కెం కింద తోలు పిటపిటమంటూ చిరుగుతోంది.

"పట్టుకో అబ్బీ."

పైనుంచి ఒక పాగా విప్పుకుంటూ దిగింది. ఎర్రటి పొడుగాటి పాగా. కామసాని దాని కొస మణికట్టుకు చుట్టుకుంది. చిరిగిన వారు కొక్కెంతో సహా లోయలోకి పోయిన క్షణానికి ఆమె గాలిలో ఉంది. మరుక్షణం బురుజు అంచు మీద బోర్లా పడి ఉంది.

పక్కన గుటక మింగిన ముసలాయన రొప్పుతూ కూర్చున్నాడు. గుండయ్య. ఆయన రెండు బుగ్గల్లోనూ తాంబూలం కుక్కి ఉంది. ఆమె వంక చూసి, దవడ ఒక పక్కకు తోసి అన్నాడు.

"మీసం చెవి దగ్గరికి పోయింది. సర్దుకో."

కామసాని తడుముకుంది. తన పాగా ఎప్పుడో ఎగిరిపోయింది. జడ భుజం మీద పడి ఉంది.

"బొల్లన చెల్లెలివి," అన్నాడు గుండయ్య. "ఆ తన్ను చూస్తేనే తెలిసింది. వాడూ అంతే, చేత్తో కాకపోతే కాలితో."

"మీకింకా గొంతెలా ఉంది మామా? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నారంట కదా."

ముసలాయన నోరు తెరిచి చూపించాడు. ఎర్రటి ఆకు ముద్ద తప్ప నాలుక కనిపించలేదు. "ఆయన ఔనా అన్నప్పుడల్లా హుఁ అంటా. ఆ మాయకు మాట కావాలి, మూలుగు చాలదు. నాకున్న విద్య ఇదొక్కటే."

"మిగతావాళ్ళకు ఎందుకు చెప్పలేదు?"

గుండయ్య ఆకు ముద్దను రెండో బుగ్గకు తోసుకున్నాడు. "అందరూ నమిలితే ఆయనకు తెలిసిపోతుందని. నా ఆకు నేను నమిలాను, తలొంచుకున్నాను. మాదనగాడు ఇందాక నా వంకే చూశాడమ్మా. నేను నా బొటనవేలు చూసుకున్నాను."

 కామసాని ఆ ఎర్ర పాగా చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ పంజరం ఎలా విడుతుంది?"

"తలుపు లేదు చూశావు కదా. ఈ కొలువు బాధ ఈ కొండ దాటనంత కాలం దానికి చావు లేదు. పూజలో ఆయన జపించుకునే మాటే అది. గుమ్మం బయట కాపలా ఉండి విన్నాను."

"మహారాజుకు విన్నపం పంపితే?"

"ఏ విన్నపమైనా అధ్యక్షుడి చేతి మీదుగానే పోవాలని నియమం. ఆయన మీద విన్నపం ఆయనకే ఇచ్చుకోవాలి. పిల్లి మీద ఎలుక పిల్లి దగ్గరే మొర పెట్టుకున్నట్టు."

"మనిషిని పంపితే?"

"కనుమ కనుమకూ ఆయన మనుషులే. పోయినవాడు తిరిగి రాలేదు."

కామసాని తల తిప్పి మహాఘోష వంక చూసింది. చిరిగిన వారు ఒక్కటే. తోలు గట్టిగానే ఉంది.

"ఇది ఎవరి చేతి మీదుగా పోతుంది మామా?"

గుండయ్య నమలడం ఆపాడు.

"'ఆపద లోపలే' అని ఒక దెబ్బ ఉంది," అందామె. "అన్న అన్నిటికన్నా చివర నేర్పాడు."

"నాకు ఊహ తెలిశాక ఆ దెబ్బ ఎవరూ కొట్టలేదు. కొట్టి రుజువు చేసుకోలేకపోతే తల తీస్తారు. నీకా, పైగా దొంగ మీసం."

"పక్క కొండవాళ్ళు అందుకుంటారా? ఇదేమి దెబ్బని ఆగిపోరు కదా?"

ముసలాయన మొహంలోకి ఎన్నాళ్ళనుంచో లేని వెలుగు ఒకటి మెల్లగా వచ్చింది. "ఆగరు. పక్కకొండ సోమన ఒకసారి, దెబ్బ అర్థం గాక, ఇది నిజమేనా అని తిరిగి అడిగాడు. అడిగినందుకు దొర వాడిచేత అందరి ముందూ గుంజీలు తీయించి, కొండ కింది రాళ్ళు కొండ మీదికి మోయించాడు. విన్నది విన్నట్టు కొట్టాలి, ఎందుకని అడగరాదు. అది ఆయన పెట్టిన నియమమే."

"అయితే ఇప్పుడెవరూ అడగరు."

"ఛస్తే అడగరు."

మర్నాడు తూర్పు కొండల అంచులకు కుంకుమ రాసినట్టయింది. మంచు దుప్పటి మడతలు మడతలుగా లోయలోకి జారుతోంది. అడవికోళ్ళు కూశాయి. మొదటి కిరణం బురుజు రాళ్ళ మీద పడి అభ్రకపు రేకలు మెరుస్తుండగా శంబరదత్తుడు పట్టుశాలువా కప్పుకుని బురుజెక్కాడు. వెనక కొలువువాళ్ళంతా ఉన్నారు. మండపం కిటికీలోంచి పంజరం కనిపిస్తోంది.

కామసాని మీసం పెట్టుకోలేదు. జడ ముడి చుట్టుకుని, గుదియలు పట్టుకుని మహాఘోష ముందు నిలబడి ఉంది.

"బతికే ఉన్నావు," అన్నాడు శంబరదత్తుడు.

"తాడు మంచిది కాదు దొరా. మార్పించండి."

ఆయన ఆమె మొహం పరకాయించి చూశాడు. "ముక్కు చూస్తే తెలియాల్సింది. బొల్లనకు చెల్లెలున్నదని విన్నాను." ఆయన గొంతు మరింత చల్లబడింది. "అన్న కోసం వచ్చావన్నమాట. దానికింత నాటకం దేనికి. అడిగితే ఇవ్వనా? అందరి ముందూ ఒక్కసారి చిత్తం అను. ఇప్పుడే ఆ మైనాను నీ చేతిలో పెడతాను. నీ గొంతు పోతే పోయింది, మీ వాడు బతుకుతాడు. ఇంటికి పోయి అమ్మకు చూపించు."

ఆ మాట గురి చూసి విసిరిన రాయి. కామసానికి తల్లి చేతిలో ముద్ద కనిపించింది. ఎండలో మరక కనిపించింది. అన్న గొంతు కోసమే కదా ఇన్ని కొండలెక్కింది. ఒక్క మాట.

ఆమె పక్కకు చూసింది. మాదన నిలబడి ఉన్నాడు. అతని నీడ అప్పుడే అంచుల వెంట పలచబడుతోంది.

"విన్నాను," అంది కామసాని.

గుదియలు లేచాయి.

ధం, ధం. విరామం. ధ ధ ధం. విరామం. ధం.

ఘోషగిరి పాదాల నుంచి పక్షులు గుంపులుగా లేచాయి. లోయ ఆ దెబ్బను మింగి మళ్ళీ కక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత అటువైపు కొండ మీద చీమంత మనిషి రెండు చేతులూ ఎత్తాడు. అది సోమన బురుజు. ధం, ధం. ధ ధ ధం. ధం. అతను ఏమీ అడగలేదు. అతని వెనక మరో కొండ. దాని వెనక నీలంగా మరో కొండ.

"ఆపండి," అన్నాడు శంబరదత్తుడు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. అది బురుజు గోడ దాకానే పోయింది. లోయ దాటలేదు. "మాదనా, రద్దు దెబ్బ కొట్టు. వెంటనే."

మాదన ముందుకొచ్చాడు. కామసాని చేతిలోంచి ఒక గుదియ తీసుకున్నాడు. దాన్ని కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి, మెల్లగా, లోయలోకి వదిలేశాడు.

శంబరదత్తుడు రెండో గుదియ లాక్కుని తానే నగారా ముందుకు దూకాడు. అప్పుడు తెలిసింది కొలువువాళ్ళకు, నగారా కొలువు అధ్యక్షుడికి నగారా కొట్టడం రాదని. ఆయన మోదాడు. బాదాడు. గుదియ జారితే శాలువాలో చిక్కుకుంది. వంటింట్లో ఆబోతు జొరబడినట్టు మహాఘోష డబడబలాడింది. అటుపక్క సోమన చెవి ఒగ్గి జాగ్రత్తగా విన్నాడు. విన్నది విన్నట్టు కొట్టాడు.

కొండ నుంచి కొండకు మొదట ఆ దెబ్బ పోయింది, దాని వెనకే ఈ బాదుడు. ఒక్క తొట్రుపాటు తప్పిపోకుండా, ఒక్క పిచ్చిదెబ్బ తగ్గకుండా, నియమం ప్రకారం పోయింది. ఆపద లోపలే ఉందని రుజువు ఎక్కడ అని రాజధానిలో ఎవరైనా అడిగి ఉంటే, దానికి జవాబు ఆపద తన చేతులతోనే కొట్టి పంపింది.

గుండయ్య బురుజు అంచుకు నడిచి, నోట్లో ఉన్నదంతా లోయలోకి ఉమ్మేశాడు. "ఔనా అని అడుగుతుంటివి కదా దొరా. ఈ రోజు అడుగు. నోరు ఖాళీగా ఉంది, తీరిగ్గా చెబుతా."

మండపంలో సన్నని రొద మొదలైంది. బంగారు చువ్వలు మైనంలా వంగి, జారి, నేల మీద పసుపు మడుగైపోయాయి. మైనాలు కిటికీల నిండా నల్లని వానలా వెలువడ్డాయి. కొన్ని బురుజు మీది మనుషుల వైపు, ఎక్కువ భాగం లోయ దాటి ఊళ్ళ వైపు. ఒకటి సూటిగా వచ్చి మాదన పెదవులకు తగిలి కరిగిపోయింది.

అతను దగ్గాడు. "రాజవ్వా," అన్నాడు. అది పెళ్ళాం పేరు. అని, మెట్ల వైపు తిరిగి పరుగెత్తాడు. ఎవరినీ సెలవు అడగలేదు.

"కొమ్మనా, అటు చూడు," అని అరిచాడు గుండయ్య, పేరు మరిచిపోయి.

ఈ సందట్లో శంబరదత్తుడు బురుజు దిగి మండపం గుమ్మంలోకి చేరాడు. గంధం రాలిపోయింది. చర్మం కింద నీలి నిప్పు పాకుతోంది. గుప్పిట్లో ఒక మైనా గింజుకుంటోంది. బొల్లన బొంగురు గొంతుతో అరుస్తోంది. ఆయన ఈల వేశాడు. కొండ వెనక నుంచి రెండు తలల రాబందు లేచింది. దాని రెక్కల నీడ బురుజును కప్పేసింది. ఆయన మెడల మధ్య ఎక్కి పగ్గం అందుకున్నాడు. ఒక్క ఊపులో అది అంచు వదిలింది.

కామసాని మహాఘోష మీదికి ఎక్కి, దాని మీద నుంచి దూకింది.

చేతికి అందింది పగ్గపు కొస. భుజం ఊడినంత పనైంది. బురుజు వెనక్కి, కొండ కిందికి, మంచు పక్కకు పోయాయి. రాబందు కుడి తల వెనక్కి తిరిగి ముక్కుతో పొడిచింది. ఆమె ఒంగి తప్పించుకుని, ఈకలు పట్టుకుని, అడుగడుగునా జారుతూ దాని వీపు మీదికి పాకింది. నేల మీద దెబ్బలు కొండలు దాటి పోతూనే ఉన్నాయి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ అవి గుండె చప్పుడంత చిన్నవయ్యాయి.

"రాజు సైన్యం వచ్చినా కరాళద్వీపం దాకా రాలేదు," అన్నాడు శంబరదత్తుడు వెనక్కి తిరగకుండా. "అక్కడ నాకు ఇంకో కొలువు ఉంది. ఇంకో పంజరం ఉంది. మొదటి పిట్టను పట్టుకెళుతున్నాను."

 ఆమె ముందుకు ఒంగి, రత్నకంకణం పైన ఆ మణికట్టును పళ్ళు దిగేలా కొరికింది.

ఆయన కేక పెట్టాడు. గుప్పిట విడింది. మైనా బయటపడింది గానీ ఎగరలేకపోయింది. నలిగిన రెక్క ఒకటి తెరుచుకోలేదు. అది రాయిలా కిందికి పడుతోంది. ఎగిరే రాబందు ముందుకు పోతోంది, మైనా వెనకబడిపోతోంది. కామసాని చేతిలో పగ్గం ఉంది. పట్టుకుని ఉంటే తాను బతుకుతుంది.

పగ్గం వదిలేసింది.

గాలి చెవుల్లో గర్జించింది. పడుతూ రెండు చేతులూ శరీరానికి అదుముకుని బాణంలా సాగింది. నల్లని చుక్క దగ్గరైంది. అందింది. చేతుల మధ్య వెచ్చగా, దడదడలాడుతూ. దాన్ని గుండెకు అదుముకుని దట్టి మడతలో దోపుకుంది. మబ్బు చిరిగింది. కింద భైరవీ నది దారం కాదు, కోరలు తెరిచిన నీరు. నది నడుమ నల్లని బండలు, బండల మధ్య పడితే బతకగల చోటు ఒకే ఒక్కటి, లోతైన సుడి.

కామసాని ఊపిరి బిగబట్టి, ఆ సుడి మీదే చూపు నిలిపి, కళ్ళు మూయకుండా దూసుకుపోయింది.